330 రూపాయలు 436 ఎందుకైంది?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో బీమా అంశం మీద చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున నివేదికలో చేర్చాం.)



అజెండాలో నా పేరు ఎదురుగా "బీమా వల్ల ప్రయోజనాలు" అని రాశారు. ప్రయోజనాలు చెప్పేవాళ్ళు మీకు చాలామంది ఉన్నారు. బ్యాంకులో చెబుతారు, ఏజెంట్లు ఇంటికొచ్చి చెబుతారు. నేను ఇంకో విషయం మాట్లాడతాను. పొద్దున గ్రామ సంఘాల తీర్మానాలు చదువుతుంటే విన్నాను. మూడు ఊళ్ళ నుంచి ఒకటే మాట వచ్చింది. "ఏటా మే నెలలో పాసుపుస్తకంలోంచి డబ్బు పోతోంది. తిరిగి వచ్చింది ఏమీ లేదు. పైగా రేటు పెంచారు. ఆ డబ్బేదో మన సమాఖ్యలోనే వేసుకుంటే మనదే అవుతుంది కదా" అని. సాయంత్రం దీని మీద ఓటు పెడతారట.

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. రేటు పెంచితే ఎందుకు పెంచారని అడగడం మన హక్కు. సంఘంలో వడ్డీ పావలా పెంచితేనే మనం రెండు మీటింగులు గొడవ పడతాం. బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలూపి ఊరుకుంటాం, లేకపోతే విసుగొచ్చి మానేస్తాం. ఆ రెండూ చేసే ముందు లెక్క చూద్దాం.

మనలో ఎక్కువమందికి ఉన్నవి రెండు బీమాలు. రెండూ 2015లో వచ్చాయి. ఒకటి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి. మనిషి ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు ఇస్తారు. రెండోది ప్రధానమంత్రి సురక్షా. ప్రమాదంలో పోయినా, పూర్తిగా అవిటితనం వచ్చినా 2 లక్షలు, పాక్షికంగా వస్తే లక్ష. మొదలైన రోజున జీవన్ జ్యోతికి ఏడాదికి 330 రూపాయలు, సురక్షాకి 12 రూపాయలు. ఏడేళ్ళు అవే రేట్లు నడిచాయి. 2022 జూన్ 1 నుంచి 330 కాస్తా 436 అయింది, 12 కాస్తా 20 అయింది.

పెంచినప్పుడు కేంద్ర ఆర్థిక శాఖ లెక్కలు బయటపెట్టింది. పథకం మొదలైన దగ్గర్నుంచి 2022 మార్చి 31 వరకు జీవన్ జ్యోతి కింద దేశం మొత్తం మీద వసూలైన ప్రీమియం 9,737 కోట్లు. క్లెయిముల కింద ఇచ్చింది 14,144 కోట్లు. సురక్షా కింద వసూలైంది 1,134 కోట్లు, ఇచ్చింది 2,513 కోట్లు. అంటే జీవన్ జ్యోతిలో వంద వస్తే నూట నలభై అయిదు పోయింది. సురక్షాలో వంద వస్తే రెండు వందల ఇరవై పైన పోయింది. మీ సంఘం పుస్తకంలో రాబడి కాలమ్, ఖర్చు కాలమ్ ఇలా ఉంటే ఆడిట్‌కి వచ్చిన ఆవిడ ఏమంటుందో మీకు తెలుసు.

ఇప్పుడు ఈ 436 రూపాయలు ఎక్కడికి పోతాయో చూద్దాం. ఏజెంటు తినేస్తున్నాడని, బ్యాంకు తినేస్తోందని అనుకుంటాం కదా. పాత 330లో బీమా కంపెనీకి వెళ్ళేది 289. పని చేసిపెట్టే బ్యాంకు మిత్రకో ఏజెంటుకో 30, బ్యాంకు ఖర్చులకి 11. కొత్త 436లో కంపెనీకి 395, ఏజెంటుకి 30, బ్యాంకుకి 11. పెరిగిన 106 రూపాయలూ కంపెనీ వాటాలోకే, అంటే క్లెయిములు చెల్లించే కుండలోకే పోయాయి. మిగతా వాళ్ళ వాటా ఒక్క రూపాయి పెరగలేదు. సురక్షాలో కూడా అంతే. పాత 12లో కంపెనీకి 10, కొత్త 20లో 18. ప్రతి బీమాలో ఇంత శుభ్రంగా ఉంటుందని నేను చెప్పను. కొన్నింట్లో కమిషన్లు బాగా ఎక్కువ. ఇక్కడ మాత్రం కారణం అది కాదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. పక్కనున్న అక్కతో కలిసి వేళ్ళ మీద లెక్కేయండి. వెయ్యిమంది కట్టారనుకోండి. మనిషికి 289 చొప్పున కుండలో పడింది 2,89,000. ఒక చావుకి 2 లక్షలు. అంటే వెయ్యిమందిలో ఏడాదికి ఒక్కరు పోతే ఫరవాలేదు, ఇద్దరు పోతే కుండ ఖాళీ అయి అప్పు మిగులుతుంది. ఇప్పుడు 395 చొప్పున పడింది 3,95,000. ఇద్దరికి దాదాపు సరిపోతుంది. కాబట్టి 330 నుంచి 436కి పెరగడం అంటే, వెయ్యికి ఒకరు ఒకరున్నర అనుకున్న లెక్క వెయ్యికి ఇద్దరి దాకా వెళ్ళిందని అర్థం. సురక్షాలో లక్షమంది కడితే పాత రేటులో 10 లక్షలు, అయిదుగురి ప్రమాద మరణాలకి సరిపోతుంది. కొత్త రేటులో 18 లక్షలు, తొమ్మిదిమందికి. మన రోడ్ల మీద లక్షమందిలో ఏడాదికి అయిదుగురే పోతారని మీలో ఎవరైనా నమ్ముతారా? మిరపకాయ కోతలకి ఆటోలో పదిహేనుమంది ఎలా వెళ్తారో మనం చూస్తూనే ఉన్నాం.

మరి మొదట వేసిన లెక్క ఎందుకు తప్పింది? దీనికి మూడు కారణాలు చెబుతాను. మొదటిదాని మీద ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే అది మన చేతిలో ఉంది.

జీవన్ జ్యోతిలో 18 ఏళ్ళ పిల్లకీ 436, 49 ఏళ్ళ అక్కకీ 436. డాక్టరు పరీక్ష లేదు. ఇది మనలాంటివాళ్ళకి మంచిదే. కానీ ఊళ్ళో ఎవరు ముందు చేరతారో ఆలోచించండి. ఇంట్లో ఎవరికో కిడ్నీ జబ్బు వచ్చిందని తెలిసిన రోజున బీమా గుర్తొస్తుంది. ఇరవై రెండేళ్ళ కోడలికి ఏం తొందర అని వదిలేస్తాం. జబ్బు ఉన్నవాళ్ళు చేరి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు బయట ఉంటే, వెయ్యికి ఇద్దరు కాదు, అయిదుగురు అవుతారు. అందుకే కొత్తగా చేరినవాళ్ళకి మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప మిగతా చావులకి డబ్బు రాదని నిబంధన పెట్టారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి చేత వేలిముద్ర వేయించే వాళ్ళని ఆపడానికి అది. అయినా పూర్తిగా ఆగదు.

ఇప్పుడు రేటు పెరిగింది కదా. మానేద్దాం అని ముందు అనేది ఎవరు? ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. ఇంట్లో జబ్బుమనిషి ఉన్న అక్క అప్పు చేసైనా కడుతుంది. ఆరోగ్యవంతులు పోయేకొద్దీ మిగిలినవాళ్ళలో చావులు ఎక్కువ కనబడతాయి. మళ్ళీ రేటు పెంచాలి. పెంచితే ఇంకొందరు పోతారు. మన సంఘాల్లో ఇది చూసిందే. సక్రమంగా వాయిదాలు కట్టే నలుగురు అలిగి వేరే సంఘం పెట్టుకుంటే, మిగిలిన సంఘం గ్రేడు ఏమవుతుంది? బ్యాంకు లింకేజీ ఎంత వస్తుంది? అదే కథ. పొద్దున తీర్మానం పంపిన ఆ మూడు ఊళ్ళవాళ్ళు కోపం తెచ్చుకోకండి, మీరు మానేస్తే మీ ఊళ్ళోనే కట్టేవాళ్ళ మీద ఆ బరువు పడుతుంది.

రెండో కారణం, జనానికి తెలిసిరావడం. ఇది చెబితే మీకు విచిత్రంగా ఉంటుంది. మొదటి సంవత్సరాల్లో చాలా ఇళ్ళల్లో ఆమెకి బీమా ఉందన్న సంగతే తెలియదు. పాసుపుస్తకంలో 12 రూపాయలు పోయినట్టు ఇంగ్లీషులో ఏదో పడి ఉంటుంది, ఎవరూ చదవరు. మనిషి పోయాక బూడిదతో పాటు ఆ హక్కూ పోయేది. తర్వాత బీమా మిత్రలు, వీఓఏలు, బ్యాంకు మిత్రలు ఇళ్ళకి వెళ్ళి అడగడం మొదలుపెట్టారు. తాటిచెట్టు మీంచి పడినా, పాము కరిచి పోయినా సురక్షా వర్తిస్తుందని, అలాంటి వాటికి వెంటనే చూపించిన ఆసుపత్రి కాగితం ఆధారంగా ఉండాలని ఊళ్ళకి తెలిసింది. క్లెయిములు పెరిగాయి. అంటే అంతకుముందు ప్రీమియం అంత తక్కువలో నడవడానికి మన తెలియనితనం కూడా కొంత సాయపడిందన్నమాట! ఈ కారణంతో పెరిగిన రేటు మీద నాకు కోపం లేదు. పదిమంది హక్కుదారులకి డబ్బు అందక చౌకగా ఉండే బీమా కంటే, అందరికీ అందే బీమాకి ఇంకో ఎనిమిది రూపాయలు ఎక్కువ కట్టడం మేలు.

మూడోది కరోనా. దాని గురించి ఈ హాలులో కొత్తగా చెప్పేది లేదు. జీవన్ జ్యోతి కింద ఆ రెండేళ్ళలో చాలా క్లెయిములు ఇచ్చారు.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఆ 436 మనమే దాచుకుంటే?

వెయ్యిమంది సభ్యులున్న సమాఖ్య అనుకుందాం. మనిషికి 436 వేస్తే 4,36,000 అవుతుంది. ఏజెంటుకీ బ్యాంకుకీ ఇవ్వక్కర్లేదు, బాగానే ఉంది. ఆ ఏడాది ఇద్దరు పోయారు. చెరో 2 లక్షలు ఇచ్చాం, 36 వేలు మిగిలింది. అందరూ చప్పట్లు కొడతారు. మరుసటి ఏడాది ఎవరూ పోలేదనుకోండి, నిధి 4,72,000 అవుతుంది, ఇంకా సంతోషం. మూడో ఏడాది ఇంకో 4,36,000 కలిసి 9,08,000. ఆ ఏడాది కూలీల ఆటో ఒకటి బోల్తా పడి ఒకే ఊరివాళ్ళు ఆరుగురు పోయారు. 12 లక్షలు కావాలి. 2,92,000 ఎక్కడినుంచి తెస్తారు? నలుగురికి ఇచ్చి ఇద్దరి పిల్లలకి లేదని చెబుతారా? ఆ ఇద్దరు ఎవరో ఎవరు నిర్ణయిస్తారు? అప్పుడు సమాఖ్య ఆఫీసు ముందు కూర్చునే తల్లికి అధ్యక్షురాలు ఏం సమాధానం చెబుతుంది?

కోట్లమంది కట్టే కుండకీ వెయ్యిమంది కుండకీ తేడా ఇదే. కోట్లమందిలో ఒక ఊళ్ళో ఆటో బోల్తా పడినా, ఒక జిల్లాలో వడదెబ్బకి జనం పోయినా, మిగతా దేశం భరిస్తుంది. ఒకే మండలంలో అందరికీ కష్టం ఒకే రోజు వస్తుంది. తుఫాను మనలో సగంమందిని వదిలిపెట్టి సగంమంది మీదకి రాదు కదా. ఇంకో సంగతి, చట్ట ప్రకారం ప్రీమియం తీసుకుని బీమా ఇస్తామని వ్యాపారంగా నడపాలంటే ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. సమాఖ్య ఆ పని చేయలేదు. అంత్యక్రియల ఖర్చుకని, ఆసుపత్రికి వెళ్ళే రోజున చేతిలో పెట్టడానికని ఒక సహాయ నిధి పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. బీమా డబ్బు వచ్చేలోపు ఇంట్లో పొయ్యి వెలగాలి. కానీ దాన్ని బీమాకి బదులుగా పెట్టకండి.

ఆరోగ్య బీమా సంగతి వేరు, అక్కడ పెరుగుదల ఏటా కనిపిస్తుంది. ఆరోగ్యశ్రీకి మనం ప్రీమియం కట్టం, అది ప్రభుత్వం చూసుకుంటుంది. నేను చెప్పేది ప్రైవేటు కంపెనీల పాలసీల గురించి. మన సభ్యుల్లో కొడుకులు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కొంతమంది తీసుకున్నారు. వాటిల్లో వయసు మెట్లు ఉంటాయి. నలభై అయిదు దాటగానే ఒక మెట్టు, యాభై అయిదుకి ఇంకోటి, అరవైకి పెద్ద మెట్టు. మనం ఒక్కసారి కూడా ఆసుపత్రికి వెళ్ళకపోయినా మెట్టు ఎక్కిన ఏడాది ప్రీమియం పెరుగుతుంది. దానికి తోడు ఆసుపత్రి బిల్లులు. గది అద్దె, స్కానింగు, గుండెకి వేసే స్టెంటు, ఐసీయూ రోజులు, ఇవి మన కిరాణా ధరల కంటే వేగంగా పెరుగుతాయి. కొన్నిచోట్ల కౌంటరులో మొదటి ప్రశ్న "నొప్పి ఎక్కడ?" అని ఉండదు, "ఇన్సూరెన్స్ ఉందా?" అని ఉంటుంది. ఉందంటే రెండు పరీక్షలు ఎక్కువ రాస్తారు. కంపెనీ కట్టేస్తుంది కదా అని మనం కూడా ఊరుకుంటాం. కంపెనీ తన జేబులోంచి కట్టదు, వచ్చే ఏడాది అందరి ప్రీమియంలోంచి కడుతుంది. మన తప్పు లేకపోయినా పక్కవాడి దొంగ బిల్లు మన రసీదులోకి వస్తుంది.

ఇందులో ఈ మధ్య మనకి పనికొచ్చే మార్పులు రెండు వచ్చాయి. అరవై దాటినవాళ్ళ ఆరోగ్య పాలసీకి ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. అలాగే 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా, కుటుంబానికి తీసుకునే జీవిత, ఆరోగ్య బీమాల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. గుంపుగా తీసుకునే గ్రూపు పాలసీలకి ఇది వర్తించదు. కాబట్టి ఆ తేదీ తర్వాత సొంత పాలసీ రసీదు మీద జీఎస్టీ అని కనబడితే అడగండి.

బండ్ల గురించి ఒక ముక్క. అబ్బాయి మోటారు సైకిలుకి కట్టేదాంట్లో రెండు భాగాలుంటాయి. థర్డ్ పార్టీ రేటుని కేంద్ర ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ నుంచి 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బండికి ఏడాదికి 714 రూపాయలు. దాని మీద బేరం లేదు. రెండో భాగం సొంత బండి నష్టానికి. అక్కడ క్లెయిము లేని ఏడాదికి తగ్గింపు ఇస్తారు, 20 శాతంతో మొదలై అయిదేళ్ళకి 50 శాతం దాకా. చిన్న అద్దం పగిలిందని ఎనిమిది వందల క్లెయిము పెడితే ఆ తగ్గింపు మొత్తం పోయి పై ఏడాది ఎక్కువ కట్టాల్సి వస్తుంది. గేదెల బీమాకి కూడా ఇదే నీతి కొంచెం మారుస్తాను: చచ్చిన గేదె చెవి ట్యాగు కోసి ఇంకోదానికి పెట్టే తెలివితేటలు ఒక ఊళ్ళో జరిగితే ఆ చుట్టుపక్కల నిజంగా గేదె పోయినవాళ్ళని కూడా కంపెనీ దొంగల్లా చూస్తుంది. జాతీయ పశుసంపద మిషన్‌లో 2024 నుంచి రైతు వాటా ప్రీమియంలో 15 శాతమే. మిగతాది ప్రభుత్వాలు పెట్టుకుంటాయి. పశువుల డాక్టరు గారిని అడగండి.

ఇక రేటు పెంచినప్పుడల్లా తల వంచమని నేను అనడం లేదు. పెంచామని కాగితం వస్తే వీఓ మీటింగులో మూడు మాటలు అడగండి. కవరు అంతే ఉండి డబ్బు పెరిగిందా, కవరు కూడా పెరిగిందా? పెరుగుదల అందరికీనా, మన వయసు వల్ల మనకేనా? మనం అడగని పాలసీ ఏదైనా ఇందులో కలిపారా? ఈ మూడోది ముఖ్యం. అప్పు తీసుకునేటప్పుడు అయిదు సంతకాల్లో ఒకటి బీమా కాగితం మీద పెట్టించి, ఆ ప్రీమియం అప్పులోనే కలిపేసి, దానికి కూడా వడ్డీ వేయడం చాలాచోట్ల జరుగుతోంది. అది ప్రీమియం పెరగడం కాదు, మనకి తెలియకుండా అంటగట్టడం. కంపెనీ ముప్పై రోజుల్లో సరైన సమాధానం ఇవ్వకపోతే 155255కి ఫోన్ చేయవచ్చు. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రీమియం గురించి ఇంత మాట్లాడాను కానీ, మన ఊళ్ళల్లో పాలసీలు పోయేది ధర ఎక్కువై కాదు, మే నెలాఖరున ఖాతాలో డబ్బు లేక. 25 నుంచి 31 లోపు బ్యాంకు ఆ 436, ఆ 20 తీసుకుంటుంది. అప్పటికి కూలిపనులు తక్కువ, పిల్లల ఫీజులు దగ్గరికి వస్తాయి, ఖాతాలో ఎనభై రూపాయలుంటుంది. డబ్బు కట్ కాదు, ఎవరికీ తెలియదు. జూన్ 1 నుంచి ఆమెకి బీమా లేదు. మళ్ళీ చేరితే కొత్తగా చేరినట్టే, 30 రోజుల నిబంధన మళ్ళీ మొదలు. కాబట్టి మే మొదటి వారం మీటింగులో పొదుపు పుస్తకాలతో పాటు పాసుపుస్తకాలు కూడా తెమ్మనండి. 456 రూపాయలు ఖాతాలో ఉన్నాయా లేదా ఒక్కొక్కరిది చూడండి. లేనివాళ్ళకి సంఘం నుంచి నెల రోజులకి చేబదులు ఇవ్వండి. జూన్ మొదటి వారంలో మళ్ళీ తెప్పించి, కట్ అయిందో లేదో చూడండి. రెండు బ్యాంకుల్లో ఖాతాలున్న అక్కలు రెండు చోట్లా కట్ అవుతోందేమో చూసుకోండి. రెండు చోట్ల కట్టినా వచ్చేది ఒక్క 2 లక్షలే, రెండోది వృథా.

మధ్యలో చేరాలంటే పూర్తి 436 కట్టక్కర్లేదు. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యలో చేరితే 342, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు 228, మార్చి తర్వాత 114. తర్వాతి జూన్ నుంచి మాత్రం మామూలుగా 436.

వెనక వరసలో చీటీ పంపిన అక్క అడిగింది: "నాకు యాభై మూడు. ఇన్నేళ్ళు కట్టాను. మానేస్తే కట్టింది తిరిగి ఇస్తారా?" ఇవ్వరమ్మా. ఇది దాచుకునే డబ్బు కాదు, ఆ ఏడాదికి ఆ ఏడాదే. నువ్వు కట్టిన ఏడాదుల్లో అది వేరే ఊళ్ళో ఎవరో తల్లిలేని పిల్లలకి వెళ్ళింది. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరడానికి యాభై వరకే వయసు, చేరి ఉన్నవాళ్ళకి యాభై అయిదు నిండేదాకా నడుస్తుంది. నీకు ఇంకా రెండేళ్ళుంది. ఇప్పుడు మానేస్తే తిరిగి చేర్చుకోరు. ఆ తర్వాత కూడా ఇరవై రూపాయల సురక్షా డెబ్బై ఏళ్ళ దాకా ఉంటుంది. చీటీ వెనకాల నీ ఊరు, సంఘం పేరు రాసి మీ వీఓఏకి ఇవ్వు, నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో సోమవారం బ్యాంకులో చూపిస్తాం.